కనకమ్మ నేమం

స్టౌ మీద సిరంజిలు ఉడుకుతున్నాయి. కనకమ్మ మూత పక్కకు జరిపి, పటకారుతో సూదులు ఒక్కొక్కటే తీసి ఉతికిన గుడ్డ మీద పేరుస్తుండగా, వరండా మెట్లు ఎవరో ఎక్కలేక ఎక్కుతున్న చప్పుడైంది. ఒక మెట్టు ఎక్కడం, ఆగడం, నోటితో గాలి లాగడం. మళ్లీ ఒక మెట్టు. మనిషి కనిపించకముందే ఆ ఊపిరి ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది.

"బుచ్చమ్మా, ఆడనే కూసో. నేనొస్తున్న," అని కేకేసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

గరిడేపల్లిలో గొర్రెలు కాసుకునే అచ్చయ్య భార్య బుచ్చమ్మ. ముప్పై దాటలేదు. నిరుడు నాలుగో కాన్పు కోదాడలోని ఈ దవాఖానలోనే అయింది. ఆ కాన్పుకు గుండె తట్టుకోలేక పెదవులు నల్లబడితే, పడుకోబెడితే ఊపిరాడదని కనకమ్మ ఆమెను తన రొమ్ముకు ఆనించి కూర్చోబెట్టుకొని తెల్లవార్లూ గడిపింది. ఇంటికి పోయేనాడు డాక్టరు రాధాకృష్ణ అచ్చయ్యను పక్కకు పిలిచి, ఇంకో కాన్పు వస్తే మనిషి దక్కదని, పిల్లలు కలగకుండా చేసే ఆపరేషన్ ఆమెకు కాదు, నువ్వే చేయించుకోవాలని చెప్పాడు. అచ్చయ్య తలూపాడు. చేయించుకోలేదు.

ఇప్పుడతను భార్య వెనక, ఆమె చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. కనకమ్మ వంగి బుచ్చమ్మ పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అట్లాగే నిలిచింది.

"ఎన్నో నెల?"

"మూడోది నిండొస్తున్నది సిస్టరమ్మా," అంది బుచ్చమ్మ. అని, తప్పు చేసిన పిల్లలా కిందికి చూసింది.

డాక్టరు చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నందిగామ వైపు మనిషి. రోగుల ముందు గొంతు పెంచడు. విన్నంతసేపూ కళ్లు మూసుకొని, తర్వాత గొట్టం మెడలోంచి తీసి బల్లమీద పెట్టాడు.

"కడుపు తీసెయ్యాలి. ఇంకో దారి లేదు. ఇప్పుడు చట్టం వచ్చింది, భయపడేదేం లేదు. మన దవాఖానకి అనుమతి కూడా వచ్చింది. ముందు ఒంట్లో నీరు తగ్గాలి. ఈ మాత్రలు వేసుకుని సోమవారం పొద్దున్నే పరగడుపున రండి. సోమవారం తప్పకూడదు. మూడో నెల దాటిపోతే నా ఒక్కడి మాట చాలదు, ఇంకో డాక్టరు కూడా ఒప్పుకోవాలి."

"వస్తం సారు. గొర్లను మా తమ్మునికి ఒప్పజెప్పి వస్త," అన్నాడు అచ్చయ్య.

బుచ్చమ్మ డాక్టరును చూడటం లేదు. మాత్రలు పొట్లం కడుతున్న కనకమ్మ చేతుల్ని చూస్తోంది.

"నువ్వుంటవు గదా సిస్టరమ్మా?"

కనకమ్మ దారం ముడి వేసింది. బిగిసిన ముడినే మళ్లీ ఒకసారి లాగింది.

"ఉంట. ఏడికి పోత?" అంది.

*

కనకమ్మది సూర్యాపేట. ధాన్యం దుకాణం పుల్లయ్య చెల్లెలు. ముత్తయిదువతనం పోయినాక నర్సు చదువు చదివి, కోదాడ మిల్లుల వాళ్లు కలిసి కట్టించిన ఈ ప్రసూతి దవాఖానలో చేరింది. వెనక గదిలోనే కాపురం. మట్టపల్లిలో కృష్ణ ఒడ్డున తులసిమాల వేసుకున్ననాడు, తెలిసి ఏ ప్రాణినీ తీయనని గురువు ముందు దోసిట్లో నీళ్లు వదిలి నేమం పట్టింది. అది మాట వరసకు అన్న మాట కాదు. స్టౌ దగ్గర చీమల బారు కనిపిస్తే కాగితంతో ఎత్తి కిటికీ బయట వదిలిన తర్వాతే అగ్గిపుల్ల గీసేది. పురిటి గదిలో ఏడవని పిల్లను తలకిందులుగా పట్టుకొని వీపు మీద తట్టి తట్టి, మిగతావాళ్లు వదిలేసుకున్నాక కూడా తడుతూనే ఉండేది.

అనుమతి కాగితం వచ్చిన రోజే ఇలాంటిది ఒకటి వస్తుందని ఆమెకు తెలుసు. అప్పుడు ఇంకో నర్సు ఉండేది. ఆ పిల్ల చూసుకుంటుందిలే అనుకొని ఊరుకుంది. ఆ పిల్ల పెళ్లి చేసుకొని ఖమ్మం వెళ్లిపోయింది. కనకమ్మ ఒక్కతే ఇద్దరి పని చేస్తోంది కదా అని కమిటీవాళ్లు ఆ చోటు నింపలేదు.

శుక్రవారం డాక్టరుతో చెబుదామనుకుంది. ఆ రోజు రెండు కాన్పులు. శనివారం ఆయన ఊరికి వెళ్లాడు. ఆదివారం ఆమె ఉపవాసం ఉండి, దేవుడి పటం ముందు చాలాసేపు కూర్చుంది. ఏం అడగాలో తెలియలేదు. బుచ్చమ్మ బతకాలని అడిగింది. ఆ వెంటనే, ఆ పని తన చేతుల మీదుగా కావొద్దని అడిగింది. రెండూ ఒకేసారి అడుగుతున్నానని ఆమెకు తట్టలేదు.

సోమవారం మొదటి బస్సుకే వాళ్లు దిగారు. బుచ్చమ్మ తలంటుకొని, ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. మాత్రలకు నీరు దిగి మొహం కొంచెం తేటపడింది. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి కనకమ్మ డాక్టరు గదిలోకి వెళ్లింది.

"సార్, ఈ పనిల నేను చెయ్యి పెట్టలేను."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

"గురువారమే చెప్పాల్సింది కదండీ."

"చెప్దామనుకున్న. ఆమె మొకం చూస్తే నోరు రాలేదు."

"గుండె జబ్బు మనిషండీ. నేను కింద పని చేస్తుంటే నాడి చూసేవాళ్లు, ఆక్సిజన్ చూసేవాళ్లు ఉండాలి. నాకు రెండు చేతులే ఉన్నాయి."

"నాకు నేమం ఉన్నది సార్. నన్ను క్షమించుండ్రి."

తలుపు దగ్గర బకెట్‌తో నిలబడ్డ ఆయా మోతీబాయి, "నేను పట్టుకుంట సారు, చెప్పినట్టు చేస్త," అంది.

డాక్టరు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది లైటు పట్టుకున్నంత పని కాదమ్మా." తర్వాత కనకమ్మతో, నెమ్మదిగా, "మిమ్మల్ని బలవంతం చెయ్యను. చెయ్యకూడదు కూడా. మీ నమ్మకం మీది," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. మిర్యాలగూడలో ఒక లేడీ డాక్టరు ఉందని, ఆమె దగ్గర ఇద్దరు నర్సులున్నారని చీటీ రాసి అచ్చయ్యకిచ్చాడు. ఇక్కడ మనుషులు చాలరని చెప్పాడు. కనకమ్మ పేరు ఎత్తలేదు.

పరగడుపున వచ్చిన మనిషి కదా అని కనకమ్మ గ్లాసుడు పాలు వేడిచేసి తీసుకెళ్లింది.

"ఉంటనంటివి గదమ్మా," అంది బుచ్చమ్మ.

"ఉన్న గదా బిడ్డా. ఆ పనొక్కటే నాతోని గాదు."

"ఎందుకు?"

"నాకు నేమం."

"నేమం," అని బుచ్చమ్మ ఆ మాటను మళ్లీ అంది. డాక్టర్లు జబ్బు పేరు చెబితే పల్లెటూరివాళ్లు తిరిగి పలికి చూసుకున్నట్టు అంది. పాలు తాగి, గ్లాసు కిందపెట్టి, మొగుడి భుజం పట్టుకొని లేచింది. మెట్లు దిగడానికి ఎక్కినంతసేపూ పట్టింది.

*

మరునాడు మధ్యాహ్నం కమిటీ పెద్ద రామలింగయ్య వచ్చాడు. ఆయనకు కోదాడలో రెండు బియ్యం మిల్లులు. పనివాడి చేత బత్తాయిల బుట్ట మోయించుకొని వచ్చి, కనకమ్మను పిలిపించి, ఆమె నిలబడితే తానూ లేచి నిలబడ్డాడు.

"డాక్టరుగారు చెప్పిన్రు. నౌకరి పోతదేమోనని కూడా చూడకుంట గంత గట్టిగ నిలబడ్డవంటే మామూలు ముచ్చట కాదమ్మా. మీవంటోళ్లు ఉండబట్టే మా దవాఖానకు పేరు. నీ నేమానికి మా నుంచి ఏ అడ్డం రాదు. ఎవడన్నా ఏమన్నా అంటే నాకు చెప్పు."

కనకమ్మ బుట్టను రెండు చేతులా అందుకుంది. సంతోషం కలిగింది. కలగలేదని తర్వాత ఎన్నడూ అనుకోలేకపోయింది. బత్తాయిలు పురిటి మంచాల మీద ఉన్నవాళ్లకు పంచింది. చివరి మంచం ఖాళీగా ఉంది. దాని మీద పరచిన దుప్పటి ముడత పడనే లేదు.

"ఆ గొర్లోల్ల పిల్ల ఏడికి పోయిందో ఏమో," అంది మోతీబాయి నేల తుడుస్తూ, ఎవరితోనూ కాకుండా.

"మిర్యాలగూడల అయ్యుంటది ఈపాటికి," అంది కనకమ్మ.

బుధవారం కూడా అట్లాగే అనుకుంది. గురువారం మిర్యాలగూడ నుంచి మందుల పెట్టెలు తెచ్చిన మనిషిని, ఆ లేడీ డాక్టరు దగ్గర గరిడేపల్లి ఆడమనిషి ఎవరైనా మంచంలో ఉందా అని అడిగింది. అతను తెలియదన్నాడు. శుక్రవారం వడ్డించుకున్న అన్నం సగం తిని వదిలేసింది.

శనివారం ఎండ నెత్తి మీద ఉండగా అచ్చయ్య బుచ్చమ్మను వీపున వేసుకొని వచ్చాడు. బస్టాండు నుంచి రిక్షా కూడా మాట్లాడుకోకుండా నడిచే వచ్చాడు. వరండాలో దించబోతే ఆమె పడుకోలేక అతని మెడ వదల్లేదు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. దగ్గితే నురుగు, ఆ నురుగులో ఎర్రజీర.

ఆ తర్వాత గంటసేపు కనకమ్మకు ఇంకేదీ గుర్తులేదు. దిండ్లు ఎత్తుగా పేర్చి కూర్చోబెట్టింది. ఆక్సిజన్ సిలిండర్ తానే దొర్లించుకొచ్చింది. డాక్టరు నరంలో ఇంజెక్షన్ ఇస్తుంటే చెయ్యి కదలకుండా పట్టుకుంది. రక్తం ఒక్కసారిగా గుండెకు చేరకుండా కాళ్లకూ చేతికీ రబ్బరు గొట్టాలు కట్టి, కొంతసేపటికొకసారి ఒకటి విప్పి ఇంకోటి బిగించింది. ముక్కు మీది గొట్టం జారితే సర్దింది. చెమట తుడిచింది. మూత్రం పడ్డాక, గుర్రుగుర్రుమనే చప్పుడు మెల్లగా తగ్గాక, మంచంకోడు పట్టుకొని అక్కడే నేల మీద కూలబడింది.

వరండాలో అచ్చయ్య డాక్టరుకు చెబుతున్నాడు.

"ఆ లేడీ డాక్టరు గొట్టం పెట్టి సూసి, గుండె గిట్లున్న మనిషిని నేను ముట్ట, సూర్యాపేటకు పొమ్మన్నది సారు. సూర్యాపేటల దవాఖాన వరండాల పండుకున్నం. మూడు నెలలు దాటింది, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలె, రెండో ఆయన ఊర్ల లేడన్నరు. ఆయన వచ్చేదాక ఆగే పానం గాదు, పట్నం తీసుకపొమ్మన్నరు. పట్నం బస్సెక్కిచ్చిన. బస్సు కదలకముందే ఊపిరాడుత లేదని ఒర్రింది. అందరు దించుమంటె దించిన. 'ఇగ ఏడికి వద్దు, కోదాడకే తీసుకపో, సిస్టరమ్మ కాడికే తీసుకపో' అన్నది."

గోడకు ఇవతల కనకమ్మ ఆ చివరి మాట విన్నది.

సాయంత్రానికి బుచ్చమ్మకు మాట వచ్చింది. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది. కనకమ్మ చెంచాతో గ్లూకోజు నీళ్లు పడుతోంది.

"మీ దేవుడు వద్దన్నడా అమ్మా?"

"నేనే మాటిచ్చిన బిడ్డా."

"మాకు లింగమంతుల సామి. దురాజ్‌పల్లి గుట్టకు రెండేండ్లకోసారి జాతరకు పోతం." ఆగింది. "నన్నయితే ఆయన ఏమనలేదు. నలుగురు పిల్లల్నిచ్చిండు. ఆళ్లను సాకమన్నడు, గంతే."

కనకమ్మ చెంచా మళ్లీ ముంచింది.

"నువ్వు చెయ్యకు," అంది బుచ్చమ్మ. "చెయ్యమని నేనడగ. చేసేటోల్లకు జాగ ఇడువు."

"నేనెవరికి అడ్డమొచ్చిన బుచ్చమ్మా?"

బుచ్చమ్మ చెప్పే ఓపిక లేక కళ్లు మూసుకుంది. కనకమ్మ చుట్టూ చూసింది. గోడకు నర్సు కోటు ఒక్కటే వేలాడుతోంది. బల్ల దగ్గర కుర్చీ ఒక్కటే ఉంది. థియేటరు తాళంచెవి తన బొడ్లోనే ఉంది.

*

"ఇప్పుడు రెండో డాక్టరు అక్కర్లేదు," అన్నాడు రాధాకృష్ణ. "ప్రాణం మీదికి వస్తే ఒక్కడు చెయ్యొచ్చని చట్టమే చెబుతోంది. సోమవారం దాకా మందులతో నిలబెడతాను. ఆ తర్వాత ఆగితే ఉండదు. కానీ మనిషి కావాలి కనకమ్మగారూ."

"నేను పట్టుకొస్త సార్," అంది కనకమ్మ.

ఆదివారం పొద్దున బస్సులో ఆమె సూర్యాపేటకు వెళ్లింది. అన్న దుకాణం ముందునుంచే నడిచినా లోపలికి తొంగిచూడలేదు. సర్కారు నర్సుగా చేసి దిగిపోయిన వెంకటనర్సమ్మ ఇల్లు ఆ వెనక సందులోనే. పురిటి గది పని కనకమ్మకు నేర్పింది ఆమే. గడపలో కూర్చొని చేటలో కందిపప్పు ఏరుతోంది. కళ్లద్దాలకు ఒకవైపు దారం కట్టి ఉంది.

కనకమ్మ ఎదురుగా కూర్చొని అంతా చెప్పింది. వెంకటనర్సమ్మ చెయ్యి ఆపకుండానే విన్నది.

"అంటే, నీకు పాపమని నువ్వు చెయ్యవు. నన్ను చెయ్యమంటవు. నాకు పాపం గాదా ఏమే?"

"నీకు ఆ నేమం లేదు గదక్కా."

"లేకుంటె నా చేతులు చేతులు గావా? దేవుడు నీ ఒక్కదానికే ఉన్నడా?"

కనకమ్మ చేటలోకి వంగి తానూ రాళ్లు ఏరసాగింది. ఇద్దరూ చాలాసేపు ఏరారు.

"నా కండ్లు మంచిగ కనపడవు," అంది వెంకటనర్సమ్మ చివరికి. "చేతి వేళ్లు మొద్దుబారినయి. ఇంటికాడ కూసున్న ముసలిదాన్ని."

"ఇంకెవరున్నరక్కా? చివ్వెంలల ఉన్న నర్సమ్మను దారిల దిగి అడిగిన, సెలవు లేదన్నది. నీ కాళ్లు పట్టుకుంట."

"పట్టుకోకు." చేట పక్కన పెట్టి, గోడ పట్టుకొని లేచింది. "పాపం గురించి నేనేమనుకోను. నౌకరిల ఉన్నప్పుడు, కడుపు పోవాలని పుల్లలు పెట్టుకొని వచ్చినోళ్లను మస్తుమందిని చూసిన. ఎన్ని పీనుగలను కడిగిన్నో నాకెరుక. నేనొస్త. కాని ఒక్కటి చెప్పు. ఇయ్యాల నేనొస్తి. వచ్చే నెల ఇంకొకామె వస్తది. గప్పుడు మల్ల బస్సెక్కుతవా?"

బస్సులో ముసలామె కునికిపాట్లు పడింది. తల పక్కకు వాలినప్పుడల్లా కనకమ్మ తన భుజం అందించింది.

*

సోమవారం కనకమ్మ తెల్లవారకముందే లేచి థియేటరు కడిగింది. నీళ్లు కాచింది. సిలిండర్ మీటరు చూసి, సెలైన్ సీసా తగిలించి, బుచ్చమ్మను నడిపించకుండా తనే ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టింది. సామాను ఉడికించే గిన్నె దగ్గరికి మాత్రం వెళ్లలేదు. అది వెంకటనర్సమ్మ చూసుకుంది. డాక్టరు చేతులు కడుక్కొని వచ్చేసరికి కనకమ్మ బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

వరండాలో అచ్చయ్య గొంతుక్కూర్చున్నాడు. మోతీబాయి గోడకు ఆనుకొని నిలబడింది. కనకమ్మ తలుపు పక్కన పీట మీద కూర్చుంది. మాల పట్టుకొని జపం మొదలుపెట్టింది. లోపల డాక్టరు గొంతు వినిపిస్తోంది. మొద్దుబారే మందు ఇస్తున్నానని బుచ్చమ్మకు చెబుతున్నాడు. తర్వాత ఇనుము ట్రేకు తగిలిన చప్పుడు. కనకమ్మ వేలు పూస మీద ఆగింది. మళ్లీ కదిలింది.

"నాడి ఎలా ఉంది?"

"ఉన్నది సార్."

కొంతసేపటికి మళ్లీ, "నాడి?"

జవాబు లేదు.

"వెంకటనర్సమ్మగారూ, నాడి?"

"దొరుకుత లేదు సార్. నా వేళ్లకే తెలుస్త లేదో... ఉన్నదో లేదో..."

"సరిగ్గా చూడండి. ఇక్కడ మధ్యలో ఉన్నాను, చెయ్యి తీయలేను."

బుచ్చమ్మ ఊపిరి తలుపు సందులోంచి వినిపించింది. మొదటి రోజు మెట్ల మీద విన్న ఊపిరి కాదు. ఇది మధ్యమధ్యలో రావడం మానేస్తోంది.

కనకమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. మోతీబాయి తలుపు తీసిందో, తనే నెట్టిందో తెలియదు. ముసలామె పక్కకు జరిగింది. కనకమ్మ మణికట్టు పట్టుకుంది. ఏమీ లేదు. మెడ పక్కన వేళ్లు పెట్టింది. దూదిపోగు కదిలినట్టు ఏదో తగిలింది.

"ఉన్నది సార్. సన్నగ ఉన్నది. తప్పుతున్నది."

"ఎత్తి పట్టుకోండి. ఆక్సిజన్ పెంచండి. వెంకటనర్సమ్మగారూ, ఆ సూది మందు ఇవ్వండి."

కనకమ్మ బుచ్చమ్మ వెనక చేరి, చంకల కింద చేతులు వేసి పైకి లాగి, రొమ్ముకు ఆనించుకుంది. తల తన గడ్డం కింద వచ్చింది. ఒక చేత్తో ముక్కు మీద గొట్టం, ఇంకో చేతి వేళ్లు మెడ మీద. కింద డాక్టరు పని సాగుతూనే ఉంది. ట్రేలో ఏదో పడింది. కనకమ్మ విన్నది. కళ్లు మూసుకోలేదు. చూడనూ లేదు. దేవుడి పేరు తలచుకోవాలనుకుంది. నోటికి రాలేదు.

"ఉన్నది సార్," అంది. "ఉన్నది. ఉన్నది. ఇప్పుడు తప్పింది. మల్ల వచ్చింది."

డాక్టరు గ్లౌజులు తీసి స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకునేదాకా ఆమె అట్లాగే చెబుతూ ఉంది. ఇక చాలని ఆయన అన్నాక కూడా ఆమె చేతులు వదల్లేదు. వెంకటనర్సమ్మ వచ్చి ఒక్కో వేలూ విడదీసింది.

*

బుచ్చమ్మ బతికింది. అయితే సూర్యాపేట వరండాలో, బస్టాండుల్లో పోయిన బలం తిరిగి రాలేదు. గుండె ఇంకా పెద్దదయిందని డాక్టరు చెప్పాడు. ఇక బిందె ఎత్తకూడదు, గొర్రెల వెంట నడవకూడదు, కూర్చొని చేసుకునే పనే చెయ్యాలి. పట్నంలో పెద్ద డాక్టర్లకు చూపించాలి. అచ్చయ్య ఈసారి అడగకముందే తన ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఏడ్చాడు.

ఇంటికి పోయే రోజున అచ్చయ్య కనకమ్మ కాళ్లకు మొక్కబోతే ఆమె వెనక్కి జరిగింది. "నువ్వు లోపలికి పోయి పట్టుకోకపోతే నా ఇల్లు ఆగమయ్యేది అమ్మా," అన్నాడు.

బుచ్చమ్మ మంచం మీద కాళ్లు కిందికి వేసి కూర్చుంది. కనకమ్మ లేపడానికి చెయ్యి చాచింది. బుచ్చమ్మ ఆ చెయ్యిని చూసింది. తర్వాత మోతీబాయి భుజం పట్టుకొని లేచింది.

"నీ చెయ్యి మంచిదేనమ్మా," అంది, గుమ్మం దగ్గర ఆగి. "అబద్ధం చెప్ప. కాని ఆ మొదటి దినమే నాతోని గాదని చెప్పాల్సుండె. గప్పుడు నాకు నడిచే బలముండె. అటే పట్నం పోయేదాన్ని."

కనకమ్మ తలూపింది.

ఆ మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఆమె డాక్టరు గదికి వెళ్లి తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టింది.

"నేను నౌకరి ఇడిచిపెడుతున్న సార్. ఇంకొకామె దొరికేదాక ఉంట."

"ఎందుకండీ? మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవ్వరేమనలేదు సార్. బత్తాయిలు తెచ్చిచ్చిన్రు. ఒక్కలన్నా అంటే బాగుండు."

రాధాకృష్ణ గుత్తిని ఆమె వైపు నెట్టాడు. "ఆ రోజు మీరే వచ్చి నిలబడ్డారు. మళ్లీ అవసరమైతే వస్తారు. నాకు ఆ నమ్మకం ఉంది."

"నాకు లేదు," అంది కనకమ్మ. "ఆనాడు పానం పోతుంటే పోయి పట్టుకున్న. నా నేమం పోలేదు సార్, అట్లనే ఉన్నది. రేపు ఇంకొకామె కూలబడకముందు వస్తది, నడుచుకుంట వస్తది. ఆమెకు చేస్తనో చెయ్యనో నాకే తెల్వదు. నాకే తెల్వని మనిషి మీద ఆమె ఎట్ల ఆధారపడతది? ఇక్కడ ఒక్కటే కుర్సీ ఉన్నది. చేసేటామెను కూసోబెట్టుండ్రి."

రామలింగయ్య కబురు పంపాడు, స్వయంగా వచ్చాడు, జీతం సంగతి ఎత్తాడు, నొచ్చుకున్నాడు. నీ నేమం కోసమే కదమ్మా మేం నిలబడ్డది అన్నాడు. దానికి ఖర్చు ఆ గొర్లోల్ల పిల్ల పెట్టుకున్నది సేటూ అని కనకమ్మ అంటే ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే నెల తిరక్కుండా కొత్త నర్సును తెప్పించాడు.

జగ్గయ్యపేట నుంచి వచ్చింది ఆ పిల్ల. పెట్టె ఇంకా కింద పెట్టలేదు. కనకమ్మ అడిగేసింది.

"కడుపు తీసే పని వస్తదిక్కడ. నువ్వు చేస్తవా?"

పిల్ల తెల్లబోయి, "చేస్తానండి. శిక్షణలో నేర్పారు," అంది.

ఆ మాటకు కనకమ్మకు ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు భయమూ వేసింది. రెండింటినీ అట్లాగే ఉంచుకొని, స్టౌలో ఏ ఒత్తి సరిగా మండదో, ఏ సిలిండర్ తిప్పడానికి బిగుతో చూపించింది.

సూర్యాపేటలో అన్న పుల్లయ్య ఆమెను కాదనలేదు. జీతం వచ్చే నౌకరిని ఎందుకు వదులుకుందో మాత్రం అతనికి అర్థం కాలేదు. కొన్నాళ్లకు కనకమ్మ చివ్వెంల చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులకు వెళ్లడం మొదలుపెట్టింది. ఎవరైనా పిలిస్తే వెళ్లేది. వెళ్లి గడప ఇవతలే నిలబడేది. కాన్పు చేస్తాను, బాలింతను చూసుకుంటాను, కడుపు తీసే పని నాతో కాదు, అది కావాలంటే కోదాడలో ఫలానా దవాఖానకు ఈ రోజే పొండి, ఆలస్యం చెయ్యకండి అని ముందుగా చెప్పేది. చాలామంది లోపలికి పిలిచేవారు. కొందరు, "అన్ని పనులు చెయ్యనిదానివి మాకెందుకు? పో," అని అక్కణ్నించే పంపేసేవారు.

అట్లా పంపేసిన రోజున ఆమె సంచి భుజాన వేసుకొని, మాట్లాడకుండా తిరిగి బాట పట్టేది. బస్సు దొరక్కపోతే సూర్యాపేట దాకా ఎండలో నడిచేది.